వార్తల్లో పదం: క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జి

పలాసలో ఒక జీడిపప్పు పరిశ్రమ డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) కరెంటు మానుకుని, ఎక్కడో ఉన్న సోలార్ ప్లాంటు నుంచి నేరుగా కొనుక్కోవాలనుకుందనుకోండి. అదే ఓపెన్ యాక్సెస్. తీగలు అక్కడి డిస్కం ఈపీడీసీఎల్‌వి కాబట్టి, వాటిని వాడుకున్నందుకు వీలింగ్ ఛార్జి ఎలాగూ కట్టాలి. దాని మీద పడేదే ఈ సర్‌ఛార్జి.

పరిశ్రమలు సరఫరా ఖర్చు కంటే ఎక్కువ రేటు కడతాయి. ఆ మిగులు వల్లే నిమ్మాడలో రెండు బల్బులు, ఒక ఫ్యాను ఉన్న ఇంటికి బిల్లు తక్కువ వస్తుంది. పెద్ద వినియోగదారుడు వెళ్లిపోతే ఆ లోటు ఎవరు పూడ్చాలి? అందుకే 2003 విద్యుత్ చట్టం 42వ సెక్షన్ ఈ సర్‌ఛార్జిని పెట్టింది. 2016 టారిఫ్ విధానం ప్రకారం ఇది టారిఫ్‌లో 20 శాతం మించకూడదు. సొంత అవసరాలకు పెట్టుకున్న క్యాప్టివ్ ప్లాంటుకు ఇది వర్తించదు.

డిస్కం ముందే ఒప్పందం చేసుకున్న కరెంటు అమ్ముడుపోక మిగిలితే, ఆ స్థిర ఖర్చుకు అదనపు సర్‌ఛార్జి వేరు. అమెరికాలోని కాలిఫోర్నియాలో స్థానిక సంస్థల సామూహిక విద్యుత్ పథకాలకు మారినవారూ పాత ఒప్పందాల భారానికి ఇలాంటి రుసుమే కడుతున్నారు.

2022 నిబంధనలు హరిత విద్యుత్ ఓపెన్ యాక్సెస్ పరిమితిని 100 కిలోవాట్లకు దించాయి. అంటే మధ్యతరహా యూనిట్లకూ దారి తెరుచుకుంది. సర్‌ఛార్జిని క్రమంగా తగ్గించాలని చట్టమే చెబుతోంది. తగ్గించాల్సిందే, కానీ పేదల సబ్సిడీ సొమ్మును ప్రభుత్వం డిస్కంకు సకాలంలో చెల్లిస్తూ ఆ పని చేయాలి.