పిన్ను పట్టినంత మాత్రాన కరెంటు కుదిరినట్లు కాదు

ఈ పూట మన సంఘాలలో గిటారు వాయించే యౌవనస్థుల పాదాల దగ్గర ఉండే చిన్న పెట్టెల గురించి మాట్లాడుకుందాము. సంగీతంతో మాకేమి పని అని పెద్దలు రేడియో కట్టివేయవద్దు. ఆ పెట్టెలు కొనే డబ్బు చాలాచోట్ల సంఘపు కానుకలలో నుండే వెళ్తుంది గదా!

ఆ పెట్టెను ఎఫెక్ట్స్ పెడల్ అంటారు. గిటారుకు, ఆంప్లిఫయరుకు మధ్య దీనిని పెట్టి కాలితో నొక్కితే స్వరము మారుతుంది. ఓవర్‌డ్రైవ్ స్వరాన్ని గరుకు చేస్తుంది, డిలే ప్రతిధ్వని ఇస్తుంది, రివర్బ్ పెద్ద మందిరంలో మ్రోగినట్టు వినిపింపజేస్తుంది. పెడల్ కొనేటప్పుడు మనవాళ్లు పదిమందిని అడుగుతారు. అడాప్టరు దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఎవరినీ అడగరు. కీబోర్డు అడాప్టరో, ఇంట్లో వైఫై పెట్టె అడాప్టరో తెచ్చి గుచ్చుతారు. పిన్ను పడుతుంది. పట్టింది గనుక సరిపోయిందనుకుంటారు. పెడల్స్ కాలిపోవడము చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది.

గమనించండి, నేడు దొరికే పెడల్స్‌లో ఎక్కువ భాగము 9 ఓల్టుల డి.సి. కరెంటుతో పనిచేస్తాయి. వాటి పిన్నులో లోపలి రంధ్రము నెగెటివ్, బయటి వలయము పాజిటివ్. యమహా కీబోర్డుల పి.ఎ. రకపు అడాప్టర్లు చూడండి: చాలావాటిలో 12 ఓల్టులు, పైగా లోపల పాజిటివ్. అంటే ఓల్టేజీ ఎక్కువ, దిక్కు తలక్రిందులు. వైఫై పెట్టెల అడాప్టర్లు కూడా సాధారణంగా లోపల పాజిటివ్‌గానే ఉంటాయి. పెడల్ మీదా అడాప్టరు మీదా చుక్క, దాని చుట్టూ అర్ధచంద్రము, రెండు వైపులా కూడిక, తీసివేత గుర్తులు ఉన్న చిన్న బొమ్మ ఉంటుంది. ఆ రెండు బొమ్మలూ ఒకేలా ఉండాలి. కొన్ని పెడల్స్‌లో డయోడ్ ఒకటి కాపలా కాస్తుంది గాని, అన్నింటిలోనూ ఉండదు. ఉన్నా ఒక్కోసారి అదే కాలిపోతుంది.

మిల్లీ ఆంపియర్ల విషయంలో మనవాళ్లు భయపడనవసరము లేని చోట భయపడతారు. "అయ్యగారూ, అడాప్టరు మీద 1700 అని ఉంది, నా పెడల్ పదే తీసుకుంటుంది, కాలిపోదా?" అని అడుగుతారు. కాలదు బాబూ! మేడ మీద ట్యాంకు ఎంత పెద్దదైనా, క్రింద కుళాయి తిప్పినంతే నీళ్లు వస్తాయి. కుళాయిని బాధపెట్టేది ట్యాంకు ఎత్తు. ఆ ఎత్తే ఓల్టేజీ. గనుక ఓల్టేజీ సరిగ్గా కుదరాలి, ఆంపియర్లు కావలసినన్ని గాని అంతకు మించి గాని ఉండాలి. మామూలు ఓవర్‌డ్రైవ్‌కు పది మిల్లీ ఆంపియర్ల లోపో ఆ చుట్టుపక్కలో చాలు. డిజిటల్ డిలేకు యాభై అరవై కావచ్చు. స్ట్రైమన్ కంపెనీ బిగ్ స్కై అనే రివర్బ్‌కైతే కనీసము 300 కావాలి. వాడబోయే పెడల్స్ లెక్క అంతా కూడి, దానిపైన కొంత మిగులు పెట్టుకోండి.

ఇక ఎలిమినేటరు. హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే, 3 నుండి 12 ఓల్టుల దాకా మీటతో మార్చుకునే ఎలిమినేటరు తక్కువ ధరకే చూపిస్తారు. రేడియోకు ఫరవాలేదు. పెడల్‌కు నేను వద్దంటాను. వాటిలో చాలా వాటికి ఓల్టేజీని పట్టి ఉంచే రెగ్యులేటరు ఉండదు. మీట 9 మీద ఉన్నా మల్టీమీటరు పెడితే 12, 13 చూపించవచ్చు. పైగా మన 50 సైకిళ్ల కరెంటు సరిగా వడకట్టబడక 'బుయ్' మని స్పీకరులోకి వస్తుంది. దానికి తోడు పిన్ను దిక్కు మార్చే మీట కూడా ఉంటుంది. ఏ పిల్లవాడో తెలియక దానిని జరిపితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

అన్నింటికన్నా నిశ్శబ్దమైనది 9 ఓల్టుల బ్యాటరీ. ఒకటి రెండు ఓవర్‌డ్రైవ్‌లు మాత్రమే ఉన్నవారికి అది చాలు. అయితే వాయించడము అయ్యాక ఇన్‌పుట్‌లో నుండి కేబుల్ లాగివేయాలి. లాగకపోతే పెడల్ ఆపి ఉన్నా బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది. 1966లో ఇంగ్లాండులో వచ్చిన ఫజ్ ఫేస్ వంటి పాతకాలపు జెర్మేనియం పెడల్స్‌కు బ్యాటరీయే క్షేమము. వాటి ఎర్త్ పాజిటివ్ వైపు ఉంటుంది గనుక ఇతర పెడల్స్‌తో ఒకే తీగకు కలిపితే షార్టు అవుతుంది. డిజిటల్ పెడల్స్ మాత్రము బ్యాటరీని ఇట్టే తినేస్తాయి.

పెడల్స్ నాలుగైదు అయ్యాక ఏమి చేయాలి? ఒకే అడాప్టరు నుండి కొమ్మలుగా చీలిన తీగ దొరుకుతుంది. దానిని డెయిజీ చైన్ అంటారు. అన్నీ అనలాగ్ పెడల్సే అయితే మంచి రెగ్యులేటెడ్ అడాప్టరుతో ఇది చక్కగా నడుస్తుంది. అందులోకి ఒక డిజిటల్ డిలే చేరిందా, సన్నని ఈల మొదలవుతుంది. డిజిటల్ పెడల్‌లోని చిప్పు రొద ఆ ఉమ్మడి తీగ గుండా ప్రక్క పెడల్‌కు చేరుతుంది. ఓవర్‌డ్రైవ్ దానిని పెంచి వినిపిస్తుంది. దీనికి మందు ఐసోలేటెడ్ సప్లై, అనగా ప్రతి పెడల్‌కూ వేరువేరు దారి. వూడూ ల్యాబ్ వారి పెడల్ పవర్ 2 ప్లస్‌లో అలాంటి దారులు ఎనిమిది ఉన్నాయి. కొన్ని చవక పెట్టెల మీద ఐసోలేటెడ్ అని రాసి ఉంటుంది గాని లోపల అన్నీ కలిసే ఉంటాయి. పెట్టెను ప్లగ్గు నుండి తీసివేసి, రెండు దారుల నెగెటివ్‌ల మధ్య మల్టీమీటరు బీప్ పరీక్ష చేయండి. మీటరు కూసిందంటే అవి వేరు కావు.

అంత డబ్బు లేని సంఘాలకు నా సలహా చెప్తాను. రెండు మంచి అడాప్టర్లు కొనండి. అనలాగ్ పెడల్స్ అన్నీ ఒకదానికి, డిజిటల్ పెడల్ మరొకదానికి. ఈల చాలావరకు పోతుంది. ఇంకొక కొత్త పెడల్ కొనేకన్నా ఈ ఖర్చు ముందు పెట్టండి.

అమెరికా నుండి బంధువులు పంపిన అడాప్టర్ల మీద 120 ఓల్టులు అని మాత్రమే ఉంటే మన 230 ఓల్టుల ప్లగ్గులో అసలు పెట్టవద్దు. 100 నుండి 240 అని ఉన్నవి నిర్భయంగా పెట్టవచ్చు. బహిరంగ సభలలో జనరేటరు మీద ఓల్టేజీ ఊగిసలాడినా ఈ రకమే తట్టుకుంటుంది.

ఎర్తింగ్ గురించి కూడా చెప్పాలి. కొందరు రొద తగ్గుతుందని ఆంప్లిఫయరు ప్లగ్గులోని ఎర్త్ పిన్ను విరిచేస్తారు. 1972లో బ్రిటనులోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారు వాద్యకారుడు వేదిక మీద ఎర్త్ సరిగా లేని మైకు ముట్టుకొని షాకుతో చనిపోయాడు. గిటారు పట్టుకున్న చేతితోనే మనము మైకు సర్దుతాము గదా! వానాకాలపు పందిళ్లలో పాట మొదలుపెట్టేముందు ఎర్త్ చూడమని మైకు సెట్టు అతనికి చెప్పండి.

రొద వస్తే ఒక్కొక్క పెడల్ తీగ లాగి వినండి. ఏది లాగినప్పుడు ఆగిందో, వేరే అడాప్టరు దానికే ఇవ్వండి. అన్నీ లాగి, గిటారు నేరుగా ఆంప్లిఫయరుకు పెట్టినా రొద వస్తుంటే, లోపము పెడల్స్‌లో కాదు. గిటారునో, కేబులునో, ఎర్తింగునో చూసుకోవాలి.