ఇంటిపట్టునే ఉన్నా ఒళ్లు కదలాలి

కొవిడ్-19ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న మహమ్మారిగా పేర్కొంది. ఆ వెంటనే పెద్దల జీవితంలో రెండు మార్పులు వచ్చాయి: దిగులు పెరిగింది, కదలిక తగ్గింది. 187 దేశాల్లో నాలుగున్నర లక్షల మందికి పైగా ఫోన్లలో నమోదైన అడుగులను పరిశోధకులు లెక్కగడితే, నెల తిరిగేలోగా సగటు నడక 27 శాతం తగ్గినట్టు తేలింది. ఆ తొలి ఏడాదిలోనే ప్రపంచమంతటా ఆందోళన, కుంగుబాటు 25 శాతం పెరిగాయి.

మన దేశంలో మార్చి 25న లాక్‌డౌన్ మొదలవడంతో పార్కులు, జిమ్‌లు మూతపడ్డాయి. అంతకంటే పెద్ద నష్టం ఎవరి లెక్కలోకీ రాలేదు. బస్‌స్టాప్ దాకా నడక, ఆఫీసు మెట్లు, కూరగాయల బజారు... వ్యాయామమని ఎవరూ అనుకోని ఈ కదలికలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

భయం కలిగినప్పుడు ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లు పెరుగుతాయి. గుండె వేగం హెచ్చుతుంది, రక్తంలోకి చక్కెర చేరుతుంది. పరుగుకో పోరాటానికో శరీరం చేసుకునే ఏర్పాటిది. మహమ్మారి భయం మాత్రం పరుగెత్తి తప్పించుకునేది కాదు, నెలల తరబడి వెంటాడేది. నడిచినప్పుడు కండరాలు ఆ చక్కెరను వాడుకుంటాయి. క్రమం తప్పని వ్యాయామంతో నిద్ర మెరుగుపడుతుంది, ఆందోళన సద్దుమణుగుతుంది.

అయితే ప్రతి కదలికా ఊరటనివ్వదు. వలస కూలీలు మండుటెండలో హైవేల వెంట వందల కిలోమీటర్లు నడిచారు. ఆకలితో, గత్యంతరం లేక సాగిన ఆ నడక ఒత్తిడిని పెంచిందే గానీ తగ్గించలేదు. ఇష్టంగా, నిశ్చింతగా చేసే కదలికే మనసును తేలికపరుస్తుంది. పైగా కదలనివారికి ఒత్తిడి పెరిగినట్టే, ఒత్తిడిలో ఉన్నవారికి కదలబుద్ధి కాదు. ఈ రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి కాబట్టి కొద్దిపాటి కదలికతోనైనా ఆ వలయాన్ని తెంచాలి.

పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులో సూచించింది. ఒకేసారి పది నిమిషాలైనా చేయాలన్న పాత నియమం ఇప్పుడు లేదు. డాబా మీద నాలుగు చుట్లు తిరిగినా, మెట్లు ఎక్కిదిగినా లెక్కలోకి వస్తుంది. నడుస్తూ మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే ఆ వేగం సరిపోయినట్టే.

జబ్బు పడినవారు మాత్రం పూర్తిగా కోలుకున్నాకే మెల్లగా మొదలుపెట్టాలి. ఆయాసం, ఛాతీ నొప్పి కనిపిస్తే ఆపి డాక్టరుకు చూపించుకోవాలి. దిగులు వారాల తరబడి వీడకపోతే నడకతోనే సరిపెట్టుకోకుండా వైద్య సాయం తీసుకోవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఒళ్లు కదిలేలా చూసుకునే బాధ్యత వ్యక్తులది మాత్రమే కాదు, ప్రభుత్వాలది కూడా. 2020 వసంతంలో బ్రిటన్ రోజుకొకసారి బయట వ్యాయామానికి అనుమతించింది. స్పెయిన్‌లో పెద్దలకు ఆ వీలు మే 2 దాకా దొరకలేదు. మళ్లీ అలాంటి పరిస్థితి వస్తే దూరం పాటిస్తూ నడిచే చోటును కూడా నిత్యావసరంగానే చూడాలి.