ఖడ్గమృగం పావలా లక్షన్నరకు పోతుందా?

"ఈ పావలా మీ దగ్గరుంటే మీరు లక్షాధికారే!" అనే రీల్ మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. అందులో కనిపించేది ఒంటికొమ్ము ఖడ్గమృగం బొమ్మున్న స్టీలు పావలా. ధర లక్షన్నర అంటారు. నేను చెప్పేదేంటంటే, అంత లేదు.

ఈ పావలా 1988లో మొదలై 2002 దాకా వచ్చింది. ఒకటీ రెండూ కాదు, కోట్లకొద్దీ కొట్టారు. అరుదు కాని దానికి ధరెక్కడిది? 2011 జూన్ 30 నుంచి అసలు చెల్లుబాటే లేదు. (పావలా పోయినా 'పావలా వడ్డీ' అనే మాట మాత్రం మన నోట్లో ఉండిపోయింది.) బాగా అరిగినదైతే కలెక్టర్లు కొన్ని రూపాయలిస్తారు, అంతే.

ఫిలింనగర్‌లో షూటింగ్ గ్యాప్‌లో ఓ లైట్‌మన్ అన్న నాకు ఇలాంటివే మూడు చూపించాడు. "తమ్ముడూ, వీటితో పాప కాలేజీ ఫీజు కట్టేయొచ్చంట. ముందు రెండు వేలు రిజిస్ట్రేషన్ పంపమంటున్నారు" అన్నాడు. అప్పటికే ఫోన్‌పే తెరిచి ఉంది! ఆపమన్నాను. కొనేవాడు మనకి డబ్బివ్వాలి గానీ మన దగ్గర తీసుకోవడమేంటన్నా అంటే, కాసేపు ఏం మాట్లాడలేదు.

తర్వాత ముగ్గురం కలిసి ఆ నాణేలు తిప్పి చూశాం. సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది మన హైదరాబాద్ మింట్‌ది. డైమండ్ ముంబైది, చుక్క నోయిడాది, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. అన్న దగ్గరున్న వాటిలో రెండు నక్షత్రాలే. 1997లో మింట్ చర్లపల్లికి మారింది కాబట్టి అంతకు ముందువి సైఫాబాద్ పాత మింట్‌లో పుట్టినవి. అది ఇప్పుడు మ్యూజియం, తప్పక చూడండి.

మరి దేనికి ధర పలుకుతుంది? చేతులు మారని కొత్త మెరుపుకి, అచ్చు తప్పిన నాణేనికి, తక్కువ కొట్టిన ఏడాదికి. పులి బొమ్మున్న 1947 నాటి ఆరో జార్జి రూపాయి కోసం వెతికేవాళ్లున్నారు. ప్రాజెక్ట్ టైగర్‌కి యాభై ఏళ్లని 2023లో విడుదల చేసిన స్మారక నాణెం కూడా ఉంది. అది చిల్లరలో దొరకదు, కలెక్టర్లు ముఖవిలువ కంటే ఎక్కువ పెట్టి కొనాల్సిందే.

మీ ఇంట్లో డబ్బాలో ఉంటే చింతపండుతో మాత్రం తోమకండి. మెరుపొస్తుందేమో గానీ ధర పడిపోతుంది. రిజర్వు బ్యాంకు పేరుతో ఎవరైనా కమిషన్ అడిగితే వెంటనే బ్లాక్ చేయండి. పాత నాణేల వ్యాపారం తాము చేయమని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది.