పిల్లల ఉబ్బసం ముదిరితే తొలి గంటే కీలకం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: చలి మొదలైందంటే ఉబ్బసమున్న పిల్లల ఇళ్లలో తల్లిదండ్రులకు కునుకుండదు. ఛాతీలో పిల్లికూతలు, డొక్కలెగరేత, మాట పూర్తిచేయలేని ఆయాసం కన్పించగానే కొన్ని పల్లెల్లో ఇప్పటికీ గుర్తుకొచ్చేది ఆర్‌ఎంపీ వేసే డెరిఫిలిన్‌ సూదే. అంతర్జాతీయ ఆస్తమా సంస్థ ‘గినా’ మార్గదర్శకాలు మాత్రం ఆ కోవకు చెందిన మందును రక్తనాళంలోకి ఎక్కించవద్దంటున్నాయి. ప్రయోజనం తక్కువ, గుండెకు ముప్పు ఎక్కువ.

ఆసుపత్రికి చేరగానే సాల్‌బుటమాల్‌ను పీల్పించాలి. తొలి గంటలో 20 నిమిషాలకోసారి ఇవ్వాలి. రక్తంలో ఆక్సిజన్‌ 94 నుంచి 98 శాతం మధ్య నిలిచేలా చూడాలి. ఆయాసం తీవ్రంగా ఉంటే ఇప్రాట్రోపియం కలుపుతారు. ప్రెడ్నిసోలోన్‌ను బరువును బట్టి గంటలోపే నోటి ద్వారా ఇస్తారు. స్టెరాయిడ్‌ అనగానే జంకే తల్లిదండ్రులున్నారు. మూడు నుంచి అయిదు రోజుల ఈ కోర్సుకు అంతగా భయపడనవసరం లేదు. జ్వరం, న్యుమోనియా లక్షణాలు లేనప్పుడు యాంటీబయాటిక్‌ అనవసరం. ఎక్స్‌రే కూడా అందరికీ అక్కర్లేదు. అయినా బిల్లులో ముందుగా కన్పించేవి తరచూ ఈ రెండే.

పిల్లికూతలు ఆగిపోయి బిడ్డ మగతలోకి జారుకుంటే నెమ్మదించిందని పొరబడరాదు. గాలి ఆడటం లేదనడానికి అది గుర్తు, ప్రాణాపాయ స్థితి.

నెబులైజర్‌ లేదని చికిత్స ఆగాల్సిన పని లేదు. స్పేసర్‌ గొట్టానికి అమర్చిన ఇన్‌హేలర్‌ చాలామంది పిల్లల్లో అంతే పనిచేస్తుంది. స్పేసర్‌ కూడా లేనిచోట అరలీటరు ప్లాస్టిక్‌ సీసాకు రంధ్రం చేసి, ఇన్‌హేలర్‌ను గాలి పోకుండా బిగిస్తే సరిపోతుందని 1999లో కేప్‌టౌన్‌ వైద్యుల పరిశోధన తేల్చింది.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అయినా అడవి మండలం పలిమెల నుంచి వరంగల్‌ ఎంజీఎంకు వంద కిలోమీటర్ల పైమాటే. తొలి గంట దారిలోనే కరిగిపోతుంది. కాబట్టి మొదటి మోతాదులు దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, 108 వాహనంలోనో పడాలి.

అసలు లోపం ఆయాసం తగ్గాక జరుగుతోంది. ఊపిరి ఆడగానే బిడ్డను ఇంటికి పంపుతారు, మళ్లీ రాకుండా చూసే మందు మాత్రం రాయరు. మృగశిర కార్తె చేపమందు కోసం ఏడాదంతా ఎదురుచూసే కుటుంబాలు సైతం రోజువారీ ఇన్‌హేలర్‌ను ‘అలవాటవుతుంద’ంటూ పక్కన పెడుతుంటాయి. అది అలవాటయ్యే మందు కాదు. విడుదల చీటీలో నివారణ ఇన్‌హేలర్, మిగిలిన రోజుల ప్రెడ్నిసోలోన్, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ చూపించాల్సిన తేదీ ఉండాలి. లేకుంటే వార్డు దాటకముందే డాక్టరును అడగాలి.