ఆంగ్ల వాక్యములలో సంబంధ సర్వనామములు

తెనుగు బాలుడు ఆంగ్లము నేర్చునపుడు తడబడు తావులలో సంబంధ సర్వనామము ముఖ్యమైనది. హూ, హూమ్, హూజ్, విచ్, దట్ అను నీ యైదు మాటలను వల్లెవేయుట వానికి కష్టము గాదు. వాక్యమున నిలుపవలసి వచ్చినపుడే చిక్కు. అది బాలుని మందబుద్ధి యని తలంచు నుపాధ్యాయులు కలరు. నేనట్లు తలంపను. హేతువు మన భాషాస్వభావమునందే యున్నది.

సంస్కృతమున యత్తచ్ఛబ్దములు కలవు. హిందీలో 'జో', 'వహ్' అను జంట కలదు. తెనుగునకు యత్తదర్థప్రయోగము సహజము గాదు. "ఎవడు నిన్న వచ్చెనో వాడు" అనుటకు మారుగా మనము "నిన్న వచ్చినవాడు" అందుము. ఈ 'వచ్చిన' యనునది ధాతుజ విశేషణము. ఇది విశేష్యమునకు ముందు నిలుచును; ఆంగ్లమున నుపవాక్యము విశేష్యమునకు వెనుక వచ్చును. ఈ వ్యత్యాసము కొలది యభ్యాసముతో పట్టుబడును. అసలు కష్టము వేరొకటి.

"నేను జాబు వ్రాసిన కలము", "నేను జాబు వ్రాసిన మిత్రుడు", "నేను జాబు వ్రాసిన గది", "నేను జాబు వ్రాసిన దినము" — నాలుగింటను 'వ్రాసిన' యను రూప మొక్కటే. కాని కలము కరణము, మిత్రుడు సంప్రదానము, గదియు దినమును అధికరణములు. మనము విభక్తిని పలుకకయే యర్థము గ్రహింతుము. ఎంత సూక్ష్మమైన పని! అక్షరములు రాని పల్లెటూరి ముసలమ్మయు దీనిని తప్పులేక చేయును. ఆంగ్లేయు డట్లు విడువజాలడు. కలమునకు 'విత్ విచ్', మిత్రునకు 'టు హూమ్', గదికి 'ఇన్ విచ్', దినమునకు 'ఆన్ విచ్' అనును. మన బాలుడో "ది పెన్ విచ్ ఐ రోట్ ది లెటర్" అని యూరకుండును. తెనుగున వినబడని 'విత్' వానికెట్లు తోచును?

కావున ముందుగా తెనుగు వాక్యమునే విడదీయింపవలెను. "ఆ కలముతో నేను జాబు వ్రాసితిని" అనిపించినచో, దాగియున్న 'తో' బయటపడును. దానికి 'విత్' అనియు, కలమునకు 'విచ్' అనియు పెట్టించి, ఆ రెంటిని ఉపవాక్యమునకు మొదట నిలిపించుడు. "ది మ్యాన్ హూమ్ ఐ సా హిమ్" అను దోషమును దీనితోనే పోవును. 'హిమ్' ఉండవలసిన చోటనుండి లేచివచ్చినదే 'హూమ్' గదా!

మనుష్యులకు హూ, తక్కినవానికి విచ్ అను భేదము సులభము. నేటి సంభాషణములలో 'హూమ్' నకు మారుగా 'హూ' తరచుగా వినబడుచున్నది. కాని 'టు', 'విత్' మొదలగువాని వెంటనే వచ్చునపుడు 'హూమ్' చెక్కుచెదరలేదు. కర్మస్థానమున నీ సర్వనామమును విడిచి "ది లెటర్ ఐ రోట్" అనవచ్చును. కర్తృస్థానమున విడువరాదు.

ఇక కామా. దీనిని పలువురు అలంకారముగా నెంచుదురు. మరణశాసనమున నొక తండ్రి "ఊరిలోనున్న నా కుమారులకు" భూమి యని వ్రాసెననుకొనుడు. తెనుగున రెండర్థములకును తావు కలదు. "మై సన్స్ హూ లివ్ ఇన్ ది విలేజ్" అని కామా లేక వ్రాసినచో, కుమారులలో నూరిలోనున్నవారికే యని భావము. 'సన్స్' తరువాత కామా యుంచినచో, కుమారు లందరికిని భూమి చెందును. వారు ఊరిలోనున్నారనుట యధికవిషయము మాత్రమే. పట్టణమున నౌకరి చేయు కొడుకున్నచో చిక్కు వచ్చునది యిచ్చటనే. ఆ తండ్రికి కుమారులెందరని బాలుని ముందు తెనుగున నడిగి, పిదపనే వానిచేత కలము పట్టింపవలెను.