మూసీ నీటితో వుజూ చేయవచ్చునా?

తహారత్ అధ్యాయంలో నీటి రకాలను బోధిస్తున్న ఒక ఉదయం, చాదర్‌ఘాట్ నుంచి వచ్చే విద్యార్థి ఒకడు లేచి నిలబడ్డాడు. “ఉస్తాద్, పారే నీరు పాక్ అన్నారు కదా! మూసీ కూడా పారుతూనే ఉంది. దానితో వుజూ చేయవచ్చునా?” అని అడిగాడు. పిల్లలందరూ ఘొల్లున నవ్వారు. మేము నవ్వలేకపోయాము. ఆ బాలుడు ఎగతాళికి అడగలేదు. వాళ్ల ఇంటి వెనుక గోడ నదిని ఆనుకునే ఉన్నది.

ఫిఖ్హ్ గ్రంథాలలో దీనికి సమాధానం స్పష్టంగానే ఉన్నది. పారే నీటిలో మాలిన్యం పడినా, రంగు, రుచి, వాసన మారనంతవరకు అది పరిశుద్ధమే. మాలిన్యం వలన ఈ మూడింటిలో ఏ ఒక్కటి మారినా ఆ నీరు శుద్ధికి పనికిరాదు. నేటి మూసీని రుచి చూసే సాహసం ఎవరూ చేయరు. మిగిలిన రెండు గుర్తులు వంతెన మీద నిలబడితేనే తెలిసిపోతాయి. పిల్లవాడికి సమాధానం దొరికింది. అయితే నది ఇలా ఎందుకయింది, ఎవరి వలన అయింది అన్న ప్రశ్న మిగిలిపోయింది. అది మనందరి ఇళ్లకూ సంబంధించిన ప్రశ్న.

నీరు లేని నది

వికారాబాదు సమీపాన అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ, హైదరాబాదు నగరాన్ని చీల్చుకుంటూ తూర్పుగా సాగి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబరులో వచ్చిన వరద వేలాది ప్రాణాలను బలిగొన్నది. అటువంటి ఉపద్రవం మళ్లీ రాకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు 1920లో మూసీపై ఉస్మాన్‌సాగర్, 1927లో ఉపనది ఈసీపై హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నగరానికి రక్షణతో పాటు తాగునీరూ లభించింది. కానీ ఆ జలాశయాల దిగువన నదికి సొంత ప్రవాహం దాదాపు లేకుండా పోయింది. గేట్లు ఎత్తే రోజులు మినహా, పురానాపూల్ కింద పారేది ప్రధానంగా మనం వదిలిన మురుగే. కలిసిన మురికిని పలుచన చేసే మంచినీరు అక్కడ లేదు.

నదికి ఊపిరి ఆగితే

నీటిలోనూ ప్రాణవాయువు కరిగి ఉంటుంది. చేపలు దానితోనే బ్రతుకుతాయి. మలమూత్రాలు, వంటింటి వ్యర్థాలు, కబేళాల రక్తం నదిలో చేరినప్పుడు, వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఈ ప్రాణవాయువునే వాడుకుంటాయి. మురుగు కొద్దిగా ఉంటే నది గాలి నుంచి మళ్లీ ప్రాణవాయువును పొంది తేరుకుంటుంది. ఎక్కువైతే ఆ శక్తి నశిస్తుంది. అప్పుడు ప్రాణవాయువు అవసరం లేని మరో రకం సూక్ష్మజీవులు విజృంభించి, కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును పుట్టిస్తాయి. అది నీటిలోని ఇనుముతో కలిసి నలుపుదనాన్ని కలిగిస్తుంది. మన పూర్వ విద్వాంసులు చెప్పిన రంగు, వాసన అనే గుర్తులకు కారణం ఇదే.

స్నానానికి పనికివచ్చే నదీజలంలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండాలని మన దేశ ప్రమాణం చెబుతున్నది. మాలిన్యం కుళ్లడానికి కావలసిన ప్రాణవాయువును బీఓడీ అంటారు. అది లీటరుకు 3 మిల్లీగ్రాములు మించకూడదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశంలో 351 కలుషిత నదీభాగాలను గుర్తించింది. వాటిలో మూసీ ఒకటి.

ఫ్యాక్టరీ మురుగు తీరు వేరు

ఇంటి మురుగు ఎంత అసహ్యమైనదైనా, తగిన సమయమూ గాలీ దొరికితే చాలావరకు విచ్ఛిన్నమవుతుంది. పరిశ్రమల వ్యర్థజలం అలాంటిది కాదు. సీసం, క్రోమియం వంటి లోహాలు ఎన్నేళ్లయినా నశించవు. అవి బురదలో పేరుకుని, పైరులోకి, పశువులలోకి చేరుతాయి. కరిగిన లవణాలు నేలను చవుడుగా మారుస్తాయి. సూక్ష్మజీవుల సాయంతో పనిచేసే మామూలు శుద్ధి కేంద్రంలోకి రసాయనాలు అధికంగా చేరితే, శుద్ధి చేసే ఆ జీవులే చచ్చిపోతాయి.

హైదరాబాదుకు ఔషధ పరిశ్రమ పేరు తెచ్చింది. ఆ పేరుతో పాటు ఒక ప్రమాదమూ వచ్చింది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు జోకిమ్ లార్సన్ బృందం, పటాన్‌చెరు ప్రాంతపు ఔషధ పరిశ్రమల నుంచి శుద్ధి జరిగి బయటకు వస్తున్న నీటిని పరీక్షించింది. అందులో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కనిపించింది. కొన్ని రకాల బ్యాక్టీరియాను చంపే మోతాదు కన్నా అది వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ. మందులో మునిగి కూడా బ్రతికే క్రిములు అటువంటి నీటిలోనే తయారవుతాయి. రేపు మన బిడ్డకు జ్వరం వచ్చినప్పుడు, డాక్టరు వ్రాసిన మందు పనిచేయకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

దిగువన ఉన్న పొరుగువారు

నగరం దాటగానే మన మురుగు మాయమైపోదు. కత్వల నుంచి కాలువల ద్వారా వరిమళ్లకు పారుతుంది. ఒడ్డున పారాగడ్డి పెంచి పాడి గేదెలకు మేపుతారు. ఆ పాలు మళ్లీ నగరానికే వస్తాయి. కత్వల వద్ద నీరు నిలిచి మడ్డి అడుగుకు చేరడం వలన క్రిందికి పోయేకొద్దీ నీరు కొంత తేటపడుతుంది. కరిగిన లవణాలు మాత్రం ఎక్కడికీ పోవు. ఈ నీటితో సేద్యం చేసే కుటుంబాలలో కొంకిపురుగుల వంటి పేగు పురుగుల బెడద ఎక్కువని పరిశోధకులు గుర్తించారు. మోకాలి లోతు నీటిలో నాట్లు వేసే ఆ స్త్రీ మన పొరుగుమనిషే. పొరుగువారి హక్కు మన గోడ దగ్గర ఆగిపోదు.

భారం ఎవరి మీద?

1974 నాటి జలకాలుష్య నివారణ చట్టం ఉన్నది. దానిని అమలు చేయించే మండలి ఉన్నది. అయినా 2021లో నగరం రోజుకు సుమారు 165 కోట్ల లీటర్ల మురుగును విడుదల చేస్తుండగా, శుద్ధి కేంద్రాల సామర్థ్యం 77 కోట్ల లీటర్లే. సగానికి పైగా మురుగుకు శుద్ధి అవకాశమే లేదన్నమాట. ఆ ఏడాదే 31 కొత్త కేంద్రాలకు అనుమతి లభించింది. కేంద్రం కట్టడంతో పని ముగియదు. ప్రతి నాలా దానికి కలవాలి, యంత్రం రాత్రింబవళ్లు నడవాలి, బయటకు వచ్చే నీటి పరీక్షాఫలితం ప్రజలకు తెలియాలి. ఫ్యాక్టరీ వ్యర్థం ఇంటి మురుగులో కలవకుండా విడిగా శుద్ధి కావాలి.

ఇక్కడ ఒక న్యాయం గుర్తుంచుకోవాలి. 2024లో నది ప్రక్షాళన పేరుతో మూసానగర్, శంకర్‌నగర్ వంటి బస్తీలలో ఇళ్లకు గుర్తులు వేశారు. ఎన్నో కుటుంబాలు తరలివెళ్లాయి. వరద ముప్పు నుంచి మనుషులను కాపాడటం అవసరమే. కానీ 165 కోట్ల లీటర్లు ఆ రేకుల ఇళ్ల నుంచి రాలేదు. ఎత్తయిన అపార్టుమెంట్ల నుంచి, హోటళ్ల నుంచి, ఆసుపత్రుల నుంచి, మన మదరసాల నుంచి కూడా వచ్చాయి. పేదవాని ఇల్లు తీసివేసినంత మాత్రాన నాలా శుభ్రపడదు.

మన చేతిలో ఉన్నది

గడువు తీరిన మాత్రలను, సిరప్పులను మరుగుదొడ్డిలోనో సింకులోనో పారబోయకండి. వేపుడు నూనెను తూములో పోయకుండా సీసాలో పట్టి చెత్తబండికి ఇవ్వండి. సెప్టిక్ ట్యాంకు తోడే లారీవానిని “ఎక్కడ పారబోస్తావు?” అని అడిగిన తరువాతే డబ్బు చెల్లించండి. అపార్టుమెంటులో శుద్ధి యంత్రం ఉంటే అది నడుస్తున్నదో లేదో సంఘం సమావేశంలో అడగండి. ఖుర్బానీ వ్యర్థాలు నాలాలో పడకుండా మొహల్లా పెద్దలు పండుగకు ముందే ఏర్పాటు చేయాలి.

మా మదరసాలో ఆ పాఠం తరువాత వుజూఖానా నీటిని మళ్లించి చెట్లకు పారిస్తున్నాము. దానితో మూసీ బాగుపడదని మాకు తెలుసు. కాలువ త్రవ్వినవారిలో ఆ చాదర్‌ఘాట్ బాలుడే ముందున్నాడు. పని ముగిశాక మళ్లీ ఒక ప్రశ్న అడిగాడు: “మరి ఎప్పటికి చేయవచ్చు ఉస్తాద్, మూసీలో వుజూ?” దానికి జవాబు మా గ్రంథాలలో లేదు. నగరమంతా కలిసి చెప్పవలసిన జవాబు అది.