పండక్కి పూయాలా? బంతి తల తుంచండి!

దసరా ముందు రోజు అంగట్లో బంతిపూల ధర విని నోరెళ్లబెట్టని వారుండరు. పండగ వెళ్లిన రెండో రోజున అవే పూలను కుప్పలుగా పారబోస్తుంటారు. బంతి సాగులో లాభమైనా నష్టమైనా ఈ రెండు రోజుల తేడాలోనే ఉంది. మీరు పెరట్లో పది మొక్కలు పెంచినా, గట్ల వెంట రెండు సాళ్లు వేసినా లెక్క ఒక్కటే.

వెనక్కు లెక్కించండి

నారు 25-30 రోజులు పెరగాలి. నాటాక పూత అందుకోవడానికి మరో 60-65 రోజులు పడుతుంది. తల తుంచితే పది రోజులు ఆలస్యమవుతుంది. అంటే పంచాంగం చూసి దసరాకు సుమారు 100 రోజుల ముందే విత్తనం చల్లాలి. బతుకమ్మకు పూలు కావాలనుకునే వారు ఇంకో పది రోజులు ముందుకు జరగాలి. దసరా తర్వాత 20 రోజులకే దీపావళి. కాబట్టి విత్తనమంతా ఒకేసారి పోయకుండా, సగం ఉంచి మూడు వారాల తేడాతో పోసుకోండి.

నారుమడిని జానెడు ఎత్తున చేయండి. వానాకాలంలో నీరు నిలిస్తే నారు మొదలు కుళ్లి పడిపోతుంది. మొక్కకూ మొక్కకూ అడుగున్నర దూరం ఉండాలి. ఒత్తుగా నాటితే పైకి సాగుతాయే గానీ పూయవు.

చేయి రాకపోయినా తుంచాలి

నాటిన 30-35 రోజులకు నడి కొమ్మ చివర మొగ్గ కనబడుతుంది. "అమ్మయ్య, మొగ్గ వచ్చింది" అని సంబరపడతాం. దాన్ని తుంచడానికి చాలామందికి చేయి రాదు. వదిలేస్తే మొక్క నిలువుగా పోయి నాలుగు పూలు పూసి ఊరుకుంటుంది. రెండంగుళాల మేర కొన తుంచితే పక్క కొమ్మలు గుబురుగా వస్తాయి. ప్రతి కొమ్మకూ పూలే. ఒక్క జాగ్రత్త! పండగ నెల రోజుల్లోకి వచ్చేసిందా, ఇక తుంచకండి. ఉన్న మొగ్గ కూడా పోతుంది.

యూరియా అతిగా వేస్తే ఆకు నల్లగా నిగనిగలాడుతుంది, పూత వెనకబడుతుంది. బాగా చివికిన పశువుల ఎరువే మేలు. పొడి వాతావరణంలో ఆకుల అడుగున సన్నని గూళ్లు, దుమ్ము పట్టినట్లు కనిపిస్తే అది ఎర్రనల్లి. పెరటి మొక్కలకైతే ఉదయంపూట ఆకుల అడుగుకు తగిలేలా నీళ్లు గట్టిగా కొట్టండి. పొలంలో ఎక్కువగా ఉంటే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి చల్లాలి. మండుటెండలో చల్లితే ఆకు మాడుతుంది.

టమాట రైతుకు కాపలా

టమాట వేసేవారు ప్రతి 16 సాళ్లకు ఒక సాలు పొడవు రకం పసుపు బంతి వేయండి. కాయతొలుచు పురుగు తల్లి రెక్కల పురుగు బంతిపూలకు ఆశపడి అక్కడే గుడ్లు పెడుతుంది. రెండూ ఒకేసారి పూతకు రావాలి గనుక 25 రోజుల టమాట నారు పక్కన 40-45 రోజుల బంతి నారు నాటాలి. అయితే నాటేసి మరచిపోతే లాభం లేదు. బంతి మీద చేరిన పురుగులను ఎప్పటికప్పుడు ఏరి చంపాలి. లేదంటే కాపలా పెట్టిన మొక్కే పురుగుల పుట్ట అవుతుంది.

కోత

కోతకు ముందు రోజు తడి ఇచ్చి, చల్లపూట పూలు కోయండి. కోసిన వాటిని నీడన పరచండి. విడిచిన పువ్వును మొక్క మీదే ఉంచితే గింజ కట్టి కొత్త మొగ్గలు తగ్గుతాయి. విత్తనానికి మాత్రం మంచి మొక్క ఒకటి రెండు ఎంచి వదిలేయండి. హైబ్రిడ్ అయితే ఆ గింజ పనికిరాదు, తల్లి పోలిక రాదు.

ఈసారి మీ గుమ్మానికి తోరణం మీ పెరటి పూలతోనే కట్టాలంటే, పంచాంగం ఈ పూటే తిరగేయండి!